తడి గోడకు కొత్త రంగు

ఇల్లు అమ్మదలచిన కుటుంబం సాధారణంగా మొదట కబురు పెట్టేది రంగులు వేసే మేస్త్రీకి. ఆ తర్వాత తలుపులకు పాలిష్ పట్టే వడ్రంగికి. మిద్దె, నీటి గొట్టాలు, ఇంటి పత్రాలు బేరం కుదిరాక గాని గుర్తుకు రావు. ఈ వరుస తలక్రిందులైనదని మా అభిప్రాయం. ఆడపిల్ల పెండ్లి కొరకో, అన్నదమ్ముల పంపకాల కొరకో, నగరంలో ఉద్యోగం చేసే పిల్లల దగ్గరకు చేరడం కొరకో ఇల్లు అమ్మకానికి పెట్టే కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి. చేతిలో ఉన్న కొద్దిపాటి సొమ్ముతో ఏది బాగుచేయించాలి, ఏది అలాగే వదలివేయాలి అన్నది వారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న. ఎక్కడి వరకు మరమ్మతు, ఎక్కడ దాటితే మోసం అన్నది రెండవ ప్రశ్న. ఈ నెల ఈ రెండింటినీ కలిపి పరిశీలిద్దాం.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి, దాని లోపలికి చేయి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడుగగా, వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పాడు. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవానికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉల్లేఖనాన్ని మనం జుమా ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాం. పాలలో నీళ్ళు కలిపేవానికి, తూకంలో తగ్గించేవానికి దీనిని అన్వయిస్తాం. ఇల్లు అమ్మేటప్పుడు మాత్రం మనకు ఇది గుర్తు రాదు. నిజానికి ఆ వర్తకుడు ధాన్యాన్ని తడపలేదు, వాన తడిపింది. అతడు చేసినదల్లా పొడి గింజలను పైన ఉంచడం. చెమ్మ పట్టిన గోడను గీకి, పుట్టీ పూసి, ఎమల్షన్ రంగు వేసి, వానాకాలం రాకముందే బేరం ముగించేవారు చేసే పని ఇంతకన్నా భిన్నమైనది కాదు.

అందువలన మొదట చెమ్మ సంగతే చూద్దాం. మన ఊళ్ళలోని పాత ఇళ్ళ ధరను ఎక్కువగా పడగొట్టేది ఇదే. చెమ్మ ఏ దారిన వస్తున్నదో తెలియకుండా పైన ఏది పూసినా డబ్బు వృథా. వాన కురిసిన ఒకటి రెండు రోజులకు పైకప్పు మీద, గోడ పైభాగాన మరకలు కనబడితే నీరు మిద్దె మీదినుండో, బయటి గోడ పగుళ్ళలోనుండో దిగుతున్నదని అర్థం. వానతో నిమిత్తం లేకుండా ఏడాది పొడుగునా స్నానాల గదిని ఆనుకున్న గోడ తడిగా ఉంటే, గొట్టం కీలు దగ్గరనో, నీరు పోయే జాలీ చుట్టూనో లోపం ఉన్నట్లు. నేలనుండి మోకాలెత్తు వరకు గోడ ఉప్పురిసి, సున్నం పొడిలా రాలుతుంటే భూమిలోని తేమ పునాది గుండా పైకి ఎక్కుతున్నది. మొదటి రెండింటికి ఖర్చు పెద్దది కాదు, చేస్తే ఫలితం నిలుస్తుంది. మిద్దె మీద నీరు నిలువకుండా వాలు సరిచేయించాలి. పది అడుగులకు ఒక అంగుళం వాలు ఉండాలన్నది మేస్త్రీలకు తెలిసిన లెక్కే. వాన గొట్టాల మూతులు శుభ్రపరచి, పగుళ్ళు పూడ్పించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఆ మీద ఒక రోజు పూర్తిగా నీరు నిలగట్టి క్రింద పరీక్షించాలి. మూడవదైన పునాది చెమ్మ మాత్రం కఠినమైనది. ఉప్పురిసిన పూతను ఇటుక కనబడేవరకు తీసివేయించి, గోడను ఎండనిచ్చి, కొత్త పూత పూయించాలి. ఇంత చేసినా పూర్తిగా పోతుందని ఏ మేస్త్రీ హామీ ఇవ్వలేడు. దానికి చేతిలో డబ్బు లేకపోతే ఆ గోడను అలాగే ఉంచండి. వచ్చినవారికి చూపించి, ఆ మేరకు ధర తగ్గించి చెప్పండి.

ఇలా చెబితే ఇల్లు అమ్ముడుపోదన్న భయం సహజం. కాని కొనేవారు అంత అమాయకులు కారు. నాలుగు గోడలకు పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే చూడవచ్చిన పెద్దమనిషి చేయి ముందుగా ఆ గోడ మీదికే పోతుంది. ఒకచోట దాచారని తెలిస్తే మిగిలిన ఇల్లంతా అనుమానాస్పదమే అవుతుంది. "ఇక్కడ చెమ్మ ఉన్నది, బాగుచేయడానికి మేస్త్రీ ఇంత అడిగాడు" అని అమ్మేవారే చెబితే, తర్వాతి మాటలన్నింటికీ విలువ పెరుగుతుంది. అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ నిజం చెప్పి లోపాలను వెల్లడిస్తే వారి బేరంలో శుభం ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల ఉల్లేఖనం చెబుతున్నది. మన బేరాలు ఎక్కువగా ఒకే మొహల్లాలో, తెలిసినవారి ద్వారా జరుగుతాయి. తొలి వానకు గోడ తడిసినప్పుడు, ఆ కొన్న మనిషి పక్కనే సఫ్‌లో నిలబడవలసి ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

చెమ్మ ధరను తగ్గిస్తుంది. స్లాబు ప్రాణాల మీదికి తెస్తుంది. కొన్ని పాత ఇళ్ళలో పైకప్పు పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన ఇనుప చువ్వలు బయటపడుతుంటాయి. వాటిని కప్పడానికి ఈ మధ్య తేలికైన ఉపాయం దొరికింది: ఫాల్స్ సీలింగ్. నాలుగు దీపాలు బిగిస్తే గది పెండ్లి మండపంలా మెరుస్తుంది. ఆ సీలింగ్ క్రింద రేపు ఎవరి బిడ్డ మంచమో వేస్తారు. ఇటువంటి స్లాబును ఇంజనీరుకు చూపించి, వదులైన కాంక్రీటు తీయించి, చువ్వల తుప్పు శుభ్రపరచి, తగిన మిశ్రమంతో పూడ్పించాలి. లేదా విప్పి చూపించి ఉన్న స్థితిలో అమ్మాలి. పైన ఏమున్నదో చెప్పకుండా సీలింగ్ వేయించడాన్ని మేము అలంకారంగా ఒప్పుకోలేము.

దేశ చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, సాధారణ జాగ్రత్తతో కొనేవారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో గాని, హక్కు పత్రాలలో గాని ఉండి, అది అమ్మేవారికి తెలిసి ఉంటే, దానిని వెల్లడించడం అమ్మేవారి బాధ్యత. వెల్లడించకపోవడాన్ని చట్టం మోసంగానే పరిగణిస్తుంది. ఇస్లామీ ధర్మశాస్త్రంలో దీనికి 'ఖియారుల్ ఐబ్' అనే అధ్యాయమే ఉన్నది: దాచిన లోపం తర్వాత బయటపడితే సరుకును తిరిగి ఇచ్చే హక్కు కొన్నవారికి ఉంటుంది, తెలిసి, ఒప్పుకొని తీసుకున్న లోపానికి ఆ హక్కు ఉండదు. కనుక చెప్పిన లోపాలను అమ్మకపు అగ్రిమెంటులో రెండు వాక్యాలుగా రాయించండి. కొనేవారికి అన్యాయం జరగదు, అమ్మేవారికి రేపు తగాదా ఉండదు. ఈ రెండు వాక్యాల విలువ మన దస్తావేజు లేఖరులకు ఇంకా తెలియరాలేదు. మనమే అడిగి రాయించుకోవాలి.

ఇక ఇల్లు అమ్ముడుపోవడానికి నిజంగా తోడ్పడే పనుల సంగతి. ఇల్లు చూడడానికి దంపతులు వస్తే భర్త రోడ్డు వెడల్పు, గజం ధర, బోరు లోతు అడుగుతారు. భార్య మౌనంగా వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుతారు. ఆ కుళాయి దగ్గరే సగం బేరం తేలిపోతుంది. నీరు ధారగా రావాలి. సింకు క్రింద గొట్టం కారరాదు. వంటగది బల్ల మీది గ్రానైట్ రాయి, గోడ చేరే అంచు దగ్గర నల్లబడిన సందును శుభ్రం చేయించి తెల్ల సిమెంటు పట్టించాలి. పొగ బయటకు పోవడానికి ఎగ్జాస్ట్ ఫ్యాను, ఫ్రిజ్‌కు, మిక్సీకి, నీటి ఫిల్టరుకు వేరు వేరు కరెంటు పాయింట్లు ఉంటే వంటగదికి అంతకన్నా పెద్ద సిఫారసు అక్కరలేదు. లక్షలు పోసి మాడ్యులర్ కిచెన్ చేయించి అమ్మడం మాత్రం మాకు తెలివైన పనిగా తోచదు. రంగు, అరల అమరిక ఒకరి అభిరుచి. కొనే ఇల్లాలి అభిరుచి మరొకటి. ఆమె దానికి డబ్బు చెల్లించి, ఆ పిదప దానినే పీకించి మరొకటి పెట్టించుకుంటారు.

స్నానాల గదికి పెట్టే ఖర్చు ఎక్కువగా తిరిగి వస్తుంది. జారని పలకలు, సరైన వాలు, గాలి ఆడే కిటికీ, పెద్దవారు పట్టుకోవడానికి గోడకు ఒక కమ్మీ చాలు. మరుగుదొడ్డిని మళ్ళీ కట్టించే పనే పెట్టుకున్నప్పుడు దాని దిశను కూడా సరిచేయించండి. మన తెలుగు ప్రాంతాలకు ఖిబ్లా పడమర దిక్కున, కొద్దిగా ఉత్తరానికి ఉన్నది. కాలకృత్యాల వేళ ఖిబ్లా వైపుకు ముఖం గాని, వీపు గాని పెట్టరాదన్న ఆదేశం ఇంటి లోపల వర్తిస్తుందా అన్నదానిపై ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉన్నది. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్హ్‌లో అది వర్తిస్తుంది. కొనవచ్చే ముస్లిం కుటుంబం దీనిని తప్పక గమనిస్తుంది. ఉత్తర దక్షిణాలుగా అమర్చడానికి అదనంగా అయ్యేది ఏమీ లేదు. వుజూకు వీలుగా కూర్చునే ఎత్తులో ఒక కుళాయి, చిన్న గట్టు ఉంటే ముసలివారున్న ఇంటికి అది పెద్ద వరం.

వెలుతురు విషయంలో మనవారు చేసే పొరపాటు ఒకటి ఉన్నది. కర్నూలు, గుంటూరు, హైదరాబాదు పాతబస్తీ వంటి చోట్ల పాత ఇళ్ళకు రెండు వైపులా పొరుగు గోడలే ఉంటాయి. గాలి, వెలుగు వచ్చేది మధ్యనున్న సెహన్‌నుండే. ఒక గది ఎక్కువైతే ధర పెరుగుతుందని ఆ సెహన్ మీద రేకులో, స్లాబో వేస్తారు. గది ఒకటి పెరుగుతుంది, మిగిలిన గదులన్నీ చీకటి కొట్లు అవుతాయి. పట్టపగలు దీపం వేసి చూపించే ఇంటికి బేరం పెరగదు. రేకులు వేసి ఉంటే అమ్మకానికి ముందు తీయించండి. వాన బాధ ఉంటే వెలుతురు వచ్చే షీటు కొంత భాగానికి వేయించండి. ఆడవారు పరదా చింత లేకుండా ఎండలో కూర్చోగల చోటు ఇంట్లో ఉండడం కొనేవారికి గొప్ప ఆకర్షణ. అదే విధంగా, వీధి తలుపు తెరిచిన వెంటనే వంటగది కనబడకుండా ఒక అడ్డుతెర, అతిథులు ఇంట్లోవారిని దాటకుండానే బైఠక్‌లోకి చేరే దారి, ఈ రెండూ ఖర్చు తక్కువతో ఇంటి గౌరవాన్ని పెంచుతాయి. విశాలమైన ఇంటిని, మంచి పొరుగును మనిషి సౌభాగ్యాలలో లెక్కించారు దైవప్రవక్త (స). ఉన్న చోటును ఇరుకు చేసే మార్పు ఏదైనా ఆ సౌభాగ్యాన్ని తగ్గించేదే.

నేల గూర్చి ఒక్క మాట. తాండూరు బండలు, బేతంచర్ల బండలు పరచిన పాత ఇళ్ళలో వాటి మీదనే మెరిసే పలకలు అతికించే అలవాటు వచ్చింది. దయచేసి ఆ పని చేయించకండి. యంత్రంతో పాలిష్ పట్టిస్తే ఆ బండలు మళ్ళీ అద్దంలా అవుతాయి, వేసవిలో కాలికి చల్లగా ఉంటాయి, పలకలకయ్యే ఖర్చులో కొంతే అవుతుంది. పైగా పాత నేల మీద పలకలు వేస్తే గడపల ఎత్తు తగ్గి తలుపులు అడుగున కోయవలసి వస్తుంది.

మధ్యవర్తులు చెప్పే మరొక మాట వాస్తు. మెట్లు ఈ మూలన ఉండరాదు, ఆ ద్వారం మూసివేయండి, అప్పుడు కొనేవారు ఎక్కువవుతారు అంటారు. హిందూ సోదరులకు అది వారి విశ్వాసానికి సంబంధించిన విషయం. దానిని మనం పరిహసించకూడదు. కాని శకునాలను, దిక్కులనుండి వచ్చే శుభాశుభాలను నమ్మని మనం, ఆ నమ్మకం మీద సొమ్ము చేసుకోవడానికి మంచి మెట్లను పగులగొట్టించడం తగునా? తగదనే మా అభిప్రాయం. గాలి వెలుతురు కొరకు కిటికీ మార్చడం వేరు. ఇల్లు ఏ ముఖంగా ఉన్నదో ఉన్నట్లు చెప్పండి. మార్చుకోవాలనుకుంటే కొన్నవారు తమ ఇష్టప్రకారం మార్చుకుంటారు, ఆ ఖర్చుకు తగినట్లు ధర మాట్లాడుకుంటారు. ముస్లిం కొనుగోలుదారులే వాస్తు అడిగే సందర్భాలు కూడా లేకపోలేదు. అది వేరొక నెల వ్యాసానికి తగిన విషయం.

ఈ పనులలో ఏ ఒక్కటి కొరకైనా వడ్డీకి అప్పు తీసుకోవలసి వస్తే ఆ పని మానుకోండి. ఇల్లు అమ్ముడుపోగానే తీర్చేస్తామంటారు. ఇల్లు ఆరు నెలలు అమ్ముడుపోకపోతే, చేసిన హరాంకు తోడు తొందరపాటు బేరం కూడా మీద పడుతుంది. చేతిలో ఉన్నది కొంచెమే అయితే మిద్దె, కుళాయిలు, స్నానాల గది, ఈ మూడింటి వద్ద ఆగిపోండి. గోడలకు ఒక పూత తెల్లరంగు చాలు. దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా చెప్పిన ఖుర్ఆన్ హెచ్చరిక, తనకు కాకుండా ఇతరులకు చూపించడానికి చేసే దుబారాకు మరింత వర్తిస్తుంది.

ధర చెప్పే వేళ జరిగే అబద్ధం గోడమీది రంగుకన్నా చులకనగా కనబడుతుంది. "నిన్ననే ఒకరు అరవై లక్షలు అడిగి వెళ్ళారు" అని లేని మనిషిని సృష్టించడం మన బేరాలలో మామూలైపోయింది. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడాన్ని 'నజష్' అంటారు, దైవప్రవక్త (స) దానిని నిషేధించారు. లేనివాని పేరిట ధర పెంచడం దానికంటే మేలైనది కాజాలదు. బయానా పుచ్చుకొని మాట ఇచ్చిన తర్వాత మరొకరు ఎక్కువ ఇస్తామంటే మాట తప్పడం కూడా అటువంటిదే. డబ్బు అవసరం ఎంత గట్టిదైనా, మాట ఇచ్చే ముందే ఆలోచించుకోవాలి.

పొరుగువారిని అడిగారా? సహీహ్ బుఖారీలో హజ్రత్ అబూ రాఫె (రజి) సంఘటన ఉన్నది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఆవరణలో తనకున్న గదులను ఆయన సఅద్‌కే అమ్మజూపారు. సఅద్ నాలుగు వేలకు మించి ఇవ్వలేనని, అదీ వాయిదాల మీదనని అన్నారు. అంతకన్నా ఎక్కువగా, ఐదు వందల దీనార్లు ఇచ్చేవారు అప్పటికే ఉన్నారు. అయినా, సమీపంలో ఉన్నందున పొరుగువానికే ఎక్కువ హక్కు అని దైవప్రవక్త (స) చెప్పగా తాను విని ఉండకపోతే ఇచ్చేవాడిని కానని చెప్పి, సఅద్‌కే ఇచ్చారు. నేటి రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఈ 'షుఫా' హక్కు గూర్చి ఎవరూ అడగరు. అడగకపోయినా, గోడ పంచుకున్న ఇంటివారికి ముందుగా ఒక కబురు చేయడం మన ఇష్టంలో ఉన్నదే. కొన్ని ఇళ్ళకు అన్నింటికన్నా మంచి కొనుగోలుదారు పక్కింటివారే. వారికి మీ ఇంటి చెమ్మ సంగతి మీకంటే బాగా తెలుసు.

పత్రాలు ఎంత ముఖ్యమైనవో అంత క్లుప్తంగా చెబుతాం. లింకు డాక్యుమెంట్లు, ఇ.సి., ఇంటి పన్ను రసీదులు, ఆమోదం పొందిన ప్లాను సిద్ధంగా ఉంచండి. ప్లానులో లేని అంతస్తు వేసి ఉంటే ఆ సంగతి చెప్పండి. తండ్రి పేరిట ఉన్న ఇల్లు అయితే అక్కచెల్లెళ్ళ వాటా తేల్చకుండా రంగుల పని మొదలుపెట్టకండి. "వారు ఏమీ అడగరు" అన్న మాటను వారసత్వపు పంపకంగా అంగీకరించడానికి సూరె నిసాలో చోటు లేదు, కొనేవారి వకీలు కూడా అంగీకరించడు. వారు సంతకాలు చేసేది తమ వాటా సొమ్ము చేతికందిన తర్వాత అయితే మరీ మంచిది.

ఇక లెక్కలు. రిజిస్ట్రేషన్‌లో అసలు ధరనే రాయించండి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేల రూపాయలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం అనుమతించదు. ధర 50 లక్షలు, అంతకు మించి ఉంటే కొనేవారు అందులో ఒక శాతం పన్నుగా మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. అది మీ ఖాతాలోనే జమ అవుతుంది కనుక దాని గూర్చి తగవు పడవద్దు. అమ్మకంపై వచ్చిన లాభాన్ని లెక్కించేటప్పుడు ఇంటికి చేసిన శాశ్వతమైన మెరుగుదల ఖర్చును మినహాయించుకునే వీలున్నది. అదనపు గది, కొత్త బోరు వంటివి అందులోకి వస్తాయి. మామూలు రంగులు, చిన్న మరమ్మతులు రావు. రసీదు లేని ఖర్చును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మేస్త్రీకి ఇచ్చిన కూలికి కూడా ఒక కాగితం మీద సంతకం తీసుకోండి.

స్నానాల గది, వంటగది పని జరిగేటప్పుడు గోడ కోసి గొట్టాలు, కరెంటు తీగలు అమర్చిన రోజున, పూత పూయకముందే, సెల్‌ఫోనుతో ప్రతి గోడ ఫొటో తీయించండి. గడపనుండి ఎన్ని అడుగుల దూరంలో ఏ గొట్టం ఉన్నదో ఒక కాగితం మీద గుర్తు పెట్టించండి. బోరు వేసిన సంవత్సరం, లోతు, మోటారు బిగించిన తేదీ, సంపు కడిగించిన రోజు, మిద్దెకు వాటర్‌ప్రూఫింగ్ చేసిన మేస్త్రీ ఫోను నంబరు దానికి జతచేయండి. తాళంచెవులు ఇచ్చే రోజున ఆ కవరు కూడా కొన్నవారి చేతిలో పెట్టండి. రేపు వారు గోడకు మేకు కొట్టే ముందు దానిని తీసి చూసుకుంటారు.